వరద వార్తల్లో అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు: ఏ మాట వింటే మీరు ఏం చేయాలి?

‘భద్రాచలం వద్ద 48 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరం వద్ద 13.75 అడుగులు, రెండో ప్రమాద హెచ్చరిక.’ గోదావరికి వరద వచ్చినప్పుడు ఇలాంటి సందేశాలు మీ ఫోన్‌కు వచ్చే ఉంటాయి. ఒకచోట 48, ఇంకోచోట 14 కూడా లేదు. రెండూ రెండో హెచ్చరికే ఎలా అయ్యాయి?

అడుగు అంటే అడుగే. కానీ ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. భద్రాచలం కొలబద్ద మీద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు వస్తాయి. భద్రాచలంలో 18 అడుగులుంటే వానాకాలంలో ఎవరూ పట్టించుకోరు. ధవళేశ్వరంలో 17.75 దాటితే కోనసీమ లంకల్లో జనం పడవలెక్కాల్సిందే. అందుకే ఒక ఊరి అడుగుల్ని ఇంకో ఊరి అడుగులతో పోల్చకండి. మీ ఊరికి ఎగువన ఉన్న కొలబద్ద ఏది, గతంలో అక్కడ ఎన్ని అడుగులకు మీ వీధిలోకి నీళ్లొచ్చాయి అన్న రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. అక్కడి పాతతరం వాళ్లు ఇప్పటికీ ఆ అంకెలతోనే లెక్క చెబుతారు.

మూడో రకం అడుగులు కూడా ఉన్నాయి. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు అని చదువుతుంటాం. అది నీటి లోతు కాదు, సముద్రమట్టం నుంచి లెక్కగట్టిన ఎత్తు.

క్యూసెక్కు పారే నీటికి, టీఎంసీ నిలిచే నీటికి

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అంటే సుమారు 28.3 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే ప్రతి సెకనుకూ 10 వేల లీటర్ల ట్యాంకర్లు 283 మీ ముందు నుంచి వెళ్లిపోతున్నట్టు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఇది వేగం కాదు, నిల్వ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అదే లక్ష క్యూసెక్కులైతే రోజుకు 8.64 టీఎంసీలు.

ఈ రెండు మాటలూ తెలిస్తే, ప్రతి వరదలోనూ వినిపించే ‘నీళ్లను ఆపొచ్చు కదా, ఎందుకు వదిలేశారు’ అన్న ప్రశ్నకు జవాబు మీరే చెప్పుకోవచ్చు. విజయవాడ ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3.07 టీఎంసీలు. 2024 సెప్టెంబరు మొదట్లో దానికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ ప్రవాహంలో బ్యారేజీ పూర్తిగా ఖాళీగా ఉందనుకున్నా ముప్పావు గంటలో నిండిపోతుంది. అంటే బ్యారేజీ నీళ్లను మళ్లించగలదే తప్ప వరదను ఆపలేదు. సాగర్ అలా కాదు. దాని సామర్థ్యం 312 టీఎంసీలు. ఖాళీగా ఉంటే అదే వరదను మూడు రోజులు పట్టగలదు. అయితే వరదల వేళకు అది ఖాళీగా ఉండటమే అరుదు.

కాబట్టి వార్తలో ‘ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో’ అని రెండు అంకెలు కనిపిస్తే దిగువన ఉన్నవారు చూడాల్సింది రెండోదాన్ని. మీ వైపు వస్తున్నది అదే. ఇన్‌ఫ్లో దానికన్నా చాలా ఎక్కువగా ఉండి, జలాశయం కూడా నిండుగా ఉందంటే కాసేపట్లో మరిన్ని గేట్లు ఎత్తుతారని అర్థం.

నిలకడగా ఉంది అంటే తగ్గినట్టు కాదు

‘వరద నిలకడగా ఉంది’ అన్న మాట విని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నిలకడ అంటే పెరగడం ఆగిందనే, తగ్గడం మొదలైందని కాదు. ‘తగ్గుముఖం’ అన్నప్పుడు కూడా ఎక్కడ అన్నది చూడండి. భద్రాచలంలో దాటిన నీరు ధవళేశ్వరం చేరడానికి గంటలు పడుతుంది. పైన తగ్గుతున్నా కింద పెరుగుతూనే ఉండొచ్చు. వాతావరణ శాఖ ఇచ్చే ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్టులు వానకు సంబంధించినవి, నదికి కాదు. మీ ఊళ్లో ఎండ కాస్తున్నా మహారాష్ట్రలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతుల మీదుగా గోదావరిలో కలిసి మీ గట్టు దాకా రావచ్చు.

అన్నింటికన్నా తక్కువమందికి తెలిసిన మాట ‘ఎగపోటు’. పెద్ద నది నిండుగా ఉన్నప్పుడు అందులో కలవాల్సిన ఉపనది నీటికి దారి దొరకదు. అది వెనక్కి తన్నుతుంది. గోదావరి పొంగితే కూనవరం దగ్గర శబరి ఎగదన్ని చింతూరు వైపు ముంచేది ఇలాగే. బుడమేరు నీటిని కృష్ణలోకి పంపే డైవర్షన్ చానల్‌కూ ఇదే ఇబ్బంది. కృష్ణ నిండుగా ఉంటే అందులోకి దిగాల్సిన నీరు దిగదు. 2024లో ఆ చానల్ కట్టకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మీరు పెద్ద నదికి దూరంగా, చిన్న వాగు పక్కన ఉంటున్నా సరే, ఆ వాగు కలిసే నది మట్టం మీద కన్నేసి ఉంచండి.

చెరువు కింద ఉన్నవాళ్లు వినాల్సిన మాటలు

చెరువు నిండాక మిగులు నీరు పోయే దారిని కోస్తాలో ‘అలుగు’ అంటారు, తెలంగాణలో ‘మత్తడి’ అంటారు. రాయలసీమలో ‘మరువ’ అని, నెల్లూరు వైపు ‘కలుజు’ అని వింటాం. అలుగు పారుతోందంటే, మత్తడి దూకుతోందంటే భయపడాల్సిన పని లేదు. చెరువు కట్టినవాళ్లు అందుకోసమే దాన్ని పెట్టారు. చాలా ఊళ్లలో జనం చూడటానికి వెళతారు, కొన్నిచోట్ల పూజ కూడా చేస్తారు. భయపడాల్సింది నీరు అలుగు మీదుగా కాకుండా కట్ట మీదుగా పొర్లినప్పుడు. మట్టికట్ట ఆ కోతకు నిలవదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఇలాగే కొట్టుకుపోయి పులపుత్తూరు, మందపల్లి గ్రామాలను తుడిచిపెట్టింది.

‘బుంగ’, ‘గండి’ ఒకటి కావు. బుంగ అంటే కట్టలో పడిన రంధ్రం. అది పెద్దదై కట్ట తెగితే గండి. బుంగ దశలో ఇసుక బస్తాలతో పూడ్చవచ్చు, గండి పడ్డాక ఊరివాళ్ల చేతిలో ఉండదు. కట్ట దిగువన నీరు ఊరుతుంటే రంగు చూడండి. తేటగా ఉంటే అధికారులకు చెప్పి కనిపెట్టుకుని ఉండొచ్చు. బురదగా వస్తుంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే.

‘కాజ్‌వే’ను ఊళ్లలో చప్టా అంటాం. దాని మీద నీరు పారుతుంటే లోతు తక్కువని దిగకండి. అరడుగు ఉధృతమైన నీరు నడిచే మనిషిని పడేయగలదు. రెండడుగులు చాలు, కార్లు తేలిపోతాయి. నీటి కింద చప్టా అసలు మిగిలి ఉందో లేదో ఒడ్డు మీద నుంచి కనిపించదు.

కట్ట మీద బుంగ కనిపించినా, మీ ప్రాంతంలోకి నీరు వస్తున్నా ముందు 112కు గానీ, రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూమ్ 1070కి గానీ ఫోన్ చేయండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబర్ 1077. కేంద్ర జలసంఘం ‘ఫ్లడ్‌వాచ్ ఇండియా’ యాప్‌లో మీకు దగ్గరి కొలబద్ద దగ్గర నీటిమట్టం ఎంత ఉందో చూసుకోవచ్చు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ‘వరదొచ్చింది’ అని ఊరుకోకుండా ఏ కట్ట, ఎక్కడ, బుంగా గండా, నీరు ఏ రంగులో ఉంది అన్నవి చెప్పండి. అవతలివాళ్లు ఇసుక బస్తాలు పంపాలా, పడవలు పంపాలా అన్నది ఆ మాటలను బట్టే తేల్చుకుంటారు.