కట్టు మనకు, గింజ ఎవరికి?



ఉలవచారు పేరెత్తితే మా గోదావరి ఇళ్ళల్లో ఇప్పటికీ వాదన తప్పదు. వేడన్నంలో వెన్న వేసుకుని కలుపుకోవాలని ఒకరు, మీగడే సరయిన జోడీ అని ఇంకొకరు. ఉల్లిపాయ పడకపోతే రుచేమిటంటారు కొందరు, పడితే ఉలవ వాసన చచ్చిపోతుందంటారు మరికొందరు. "పశువుల దాణా మనుషులు తినడమేమిటమ్మా!" అని మూతి విరిచేవాళ్ళూ లేకపోలేదు. ఈ తగవు తీరాలంటే ఉలవ కథ కాస్త మొదటినుంచీ చెప్పుకోవాలి.

ఉలవ మన దేశంలో పుట్టిన గింజే. బళ్ళారి దగ్గర సంగనకల్లులోనూ, అలాంటి మరికొన్ని చోట్లా కొత్త రాతియుగంనాటి ఊళ్ళను తవ్వితే మాడిపోయిన ఉలవలు, పెసలు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు నాలుగువేల ఏళ్ళు. అంటే దక్షిణాదిని వరన్నం స్థిరపడకముందే ఉలవ మనుషుల తిండి అన్నమాట. ఆయుర్వేదం దీన్ని కులత్థం అంది. వేడి చేసే గుణం కలదనీ, కఫానికీ వాతానికీ మంచిదనీ చెప్పింది.

మరి ఇది దాణా ఎలా అయింది? వరి ఎక్కువయిన కొద్దీ మెట్టగింజలకు మర్యాద తగ్గింది. ఆ పైన మద్రాసు రాజధానిలో ఇంగ్లీషువాళ్ళు తమ గుర్రాలకు ఇదే పెట్టించి, పేరు కూడా 'హార్స్ గ్రామ్' అని ఖాయం చేశారు. గుర్రం తినేదని పేరుపడ్డాక, దాన్ని కంచంలో వడ్డించుకోవడానికి మనకే నామోషీ వేసింది!

మా రామచంద్రపురం వైపు కథ ఇంకో మలుపు తిరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలవలు వచ్చి డెల్టా అంతా వరి మాగాణి అయింది. కొద్దిపాటి వానతో పండే ఉలవకు ఆ నీళ్ళ చేలల్లో చోటేదీ? అయినా ఉలవ మమ్మల్ని వదిలిపోలేదు. బురదలో దమ్ము చేసే ఎద్దుకు సత్తువ కావాలి కదా! అందుకని చేలోంచి పోయిన ఉలవ పశువులపాకలోకి వచ్చింది.

ఎద్దులకు ఉలవలు ఉడికించి పెట్టేవారు. ఉడికిన నీళ్ళు, అదే కట్టు, పారబొయ్యడానికి ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది? వంచి, చింతపండు పులుసు పోసి, పిడకల దాలి మీద సన్నని సెగన గంటల తరబడి మరగనిచ్చి, ఇంగువో వెల్లుల్లో వేసి పోపు పెట్టేవారు. కట్టు మనకు, గింజ ఎద్దుకు! ఉలవచారు రుచి వెనక ఉన్నది ఆడవాళ్ళ పొదుపు, వాళ్ళ ఓపికాను.

ఇలాంటి తగవులు మన ఒక్కళ్ళవే కావు. అమెరికాలో బోస్టన్ నగరంవాళ్ళు ఎండు చిక్కుడుగింజల్ని పంది మాంసంతో, చెరుకుపాకం మడ్డితో కలిపి సన్నసెగ మీద మగ్గించేవారు. ఆదివారం వంట చెయ్యకూడదన్న నియమం వల్ల శనివారమే పొయ్యిలో పెట్టేవారు. తరవాత హైంజ్ కంపెనీ అవే గింజల్ని డబ్బాల్లో పోసి లండన్‌లో ఒక ఖరీదైన కొట్లో అమ్మకానికి పెట్టింది. కొన్నాళ్ళకు అది కాల్చిన రొట్టెమీద వేసుకునే సామాన్యుల తిండి అయిపోయింది. తీపి ఉండాలా, టొమాటో ఉండాలా అని వాళ్ళకీ వాదులాటే! అక్కడ గొప్పవాళ్ళ కొట్లోంచి సామాన్యుడి పళ్ళెంలోకి వస్తే, ఇక్కడ పశువులపాకలోంచి పెళ్ళి పందిట్లోకి వచ్చింది. తేడా అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ట్రాక్టర్లు వచ్చి జోడెద్దులు తగ్గిపోయాయి. ఉలవచారు మాత్రం సీసాల్లోకి, హోటళ్ళ బిర్యానీలోకి ఎక్కింది. ఎద్దు లేని ఇంట్లో చారు కాచుకుంటే మరి ఆ గింజ ఎవరికి? నూరు గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నాయి. ఇనుము, కాల్షియం కూడా ఉన్నాయి. కట్టులోకి దిగేది కొంతే, మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. చారు జుర్రుకుని గింజ పారేశామంటే, అసలు బలాన్ని చెత్తకుండీలో వేసినట్టే.

కాబట్టి వెన్నా మీగడా అన్న తగవు మీ మీ నాలుకలకే వదిలేస్తున్నాను. ఉలవ పొడిగా, ఘాటుగా ఉంటుంది గనక ఏదో ఒక కమ్మదనం తోడుంటే మంచిదే. కాని గింజ విషయంలో మాత్రం రెండో మాట లేదు. ఉడికిన ఉలవల్లో ఉప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తాలింపు పెడితే గుగ్గిళ్ళు. కొబ్బరికోరు చల్లితే పిల్లలూ వద్దనరు. కొన్ని గింజలు మెత్తగా రుబ్బి చారులోనే కలిపితే చిక్కదనమూ వస్తుంది. మెట్ట ఊళ్ళలోనూ, రాయలసీమలోనూ గుగ్గిళ్ళు తినడానికి ఎవరూ నామోషీ పడలేదు.

కట్టూ మనదే, గింజా మనదే. ఈసారి ఉలవలు ఉడికించినప్పుడు ఈ మాట ఒక్కటి గుర్తుంచుకోండి. సెలవు.