మార్లవాయి నుంచి బి.ఎడ్. దాకా మన లెక్కల పంతుళ్లు

మన గూడేల్లో లెక్క ఎప్పుడూ ఉంది. గింజలు కొలిచాం, పశువుల్ని లెక్కపెట్టాం, వేట మాంసాన్ని ఇంటింటికీ సమంగా పంచాం. లేనిదల్లా ఆ లెక్కను బడిలో మన పిల్లలకు మన మాటతో చెప్పే పంతులే.

1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాడు. ఆ పోరాటం తర్వాతే నిజాం సర్కారు మన బాధలు తెలుసుకోవడానికి హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకుల్ని పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. మన పిల్లలు ఉంది, రండ్, మూండ్, నాలుంగ్ అంటూ బడిలో లెక్కపెట్టిన కాలం అది. తర్వాత బడి భాష మారింది, పంతుళ్లు బయటినుంచి వచ్చారు.

2000 జనవరి 10న జీవో నెంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. ఆ ధైర్యంతోనే మాలో ఎందరమో టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేశాం. కానీ డిప్లొమా ప్రాథమిక తరగతుల వరకే. హైస్కూల్లో లెక్కలు చెప్పాలంటే డిగ్రీలో గణితం ఉండాలి, ఆపైన గణిత బోధనతో బి.ఎడ్. ఉండాలి. ఇంటర్‌లోనే లెక్కలకు భయపడి ఆర్ట్స్ తీసుకున్న మాలాంటివాళ్లం అక్కడే ఆగిపోయాం.

ఉద్యోగం వదలకుండా చదివే దారి లేకపోలేదు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. మనవాళ్లు కొందరు పగలు బడి చెప్పి, రాత్రి చదివి, సెలవుల్లో తరగతులకు వెళ్లి బి.ఎడ్. పూర్తిచేశారు.

ఆ చదువు ఇచ్చేది పట్టా ఒక్కటే కాదు. అరకంటే పావు పెద్దదని పిల్లవాడు రాస్తే ఇదివరకు తప్పు కొట్టి వదిలేసేవాళ్లం. రెండుకంటే నాలుగు పెద్దది కాబట్టి వాడలా అనుకున్నాడని వాళ్ల దగ్గరే మేం నేర్చుకున్నాం. కుంచానికి రెండు అడ్డలు, నాలుగు మానికలు. కుంచంలో సగం అడ్డ, పావు మానిక. రెండూ ఎదురుగా పెట్టి గింజలు పోయిస్తే ఏది పెద్దదో వాడే చెబుతాడు. బోధనశాస్త్రమంటే పిల్లవాడి తప్పు వెనకున్న ఆలోచనను పట్టుకోవడమే. పిల్లవాడి మాట తెలిసిన పంతులుకు ఆ పని సులువవుతుంది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలు షరతులతో నిలిచాయి గానీ, కొత్తవాళ్లకు ఆ తలుపు మూసుకుంది. ఆ హక్కు కోసం మనం అడుగుతూనే ఉండాలి. అయితే రేపు ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నా, గణితంలో డిగ్రీ, బి.ఎడ్. ఉన్నవాళ్లు మనలో లేకపోతే మన హైస్కూళ్లలో లెక్కల కుర్చీ ఖాళీగానే ఉంటుంది.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంటర్‌లో లెక్కలు వదలకండి. తోటి టీచర్లారా, పదో తరగతి అయ్యాక మన పిల్లలు ఏ గ్రూపు తీసుకుంటున్నారో అడగండి. భయపడే పిల్ల పక్కన కూర్చోండి. మార్లవాయిలో మొదలైన పని ఇంకా సగంలోనే ఉంది. మిగతా సగం మనమే చేయాలి.