పని స్థలంలో లైంగిక వేధింపులు – యజమాని బాధ్యత: విశాఖ తీర్పు నేపథ్యం

‘విశాఖ తీర్పు’ అనగానే మీలో చాలామందికి విశాఖపట్నం గుర్తుకు రావచ్చు. ఈ కేసుకూ ఆ నగరానికీ సంబంధం లేదు. సుప్రీంకోర్టులో పిటిషన్ వేసిన మహిళా సంస్థల్లో ఒకదాని పేరు విశాఖ. అది రాజస్థాన్‌కు చెందినది.

జైపూర్ సమీపంలోని భటేరీ గ్రామానికి వెళదాం. కుమ్మరి కులానికి చెందిన భన్వరీ దేవి అక్కడ రాష్ట్ర ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ‘సాథిన్’గా, అంటే గ్రామస్థాయి కార్యకర్తగా పనిచేసేవారు. 1992లో ఊరిలో పలుకుబడి గల ఒక కుటుంబం ఏడాది నిండని పసిపాపకు పెళ్లి తలపెట్టింది. ఆమె దాన్ని ఆపబోయారు. అది ఆమె సొంత పట్టుదల మాత్రమే కాదు, ఉద్యోగ ధర్మం. ఈ సంగతిని మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఆ కక్షతోనే సెప్టెంబరు 22న పొలంలో, భర్త ఎదుటే, తనపై సామూహిక అత్యాచారం చేశారని ఆమె ఫిర్యాదు చేశారు. 1995లో జైపూర్‌లోని కోర్టు నిందితులపై అత్యాచార అభియోగాన్ని కొట్టివేసింది.

మహిళా సంస్థలు సుప్రీంకోర్టును అడిగిన ప్రశ్న వేరు. పనికోసం బయటికి వచ్చిన స్త్రీకి రక్షణ ఎవరి పూచీ? అప్పటి భారత శిక్షాస్మృతిలోని 354, 509 సెక్షన్లు వేధించిన వ్యక్తినే చూసేవి. జీతమిచ్చి పని చేయించుకునే యజమాని ఆ చిత్రంలో ఎక్కడా లేడు.

1997 ఆగస్టు 13న ప్రధాన న్యాయమూర్తి జె.ఎస్. వర్మ నేతృత్వంలోని ధర్మాసనం ఆ లోటును పూరించింది. రాజ్యాంగంలోని 14, 15, 19(1)(జి), 21 అధికరణాలనూ, భారత్ 1993లో ఆమోదించిన అంతర్జాతీయ మహిళా ఒడంబడికనూ ఆధారం చేసుకుంది. వేధింపులను నివారించడం యజమాని విధి అన్నది. ప్రతి సంస్థలో స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు కావాలి. బయటి వ్యక్తి ఒకరుండాలి. పై అధికారుల ఒత్తిడి కమిటీపై పడకూడదనే ఈ చివరి షరతు. మన కార్యాలయాల తీరు తెలిసినవారు రాసిన షరతు ఇది! పార్లమెంటు చట్టం చేసేదాకా ఈ మార్గదర్శకాలే చట్టమని కోర్టు ప్రకటించింది.

ఆ చట్టానికి పదహారేళ్లు పట్టింది. 2013 డిసెంబరు 9న అమల్లోకి వచ్చిన చట్టం ఉద్యోగరీత్యా వెళ్లిన ప్రతి చోటునూ, యజమాని సమకూర్చిన వాహనాన్ని కూడా, పని స్థలమే అన్నది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట కమిటీ వేయని యజమానికి రూ. 50,000 వరకు జరిమానా పడుతుంది. అంతకంటే చిన్న సంస్థల్లోని స్త్రీలు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

భన్వరీ దేవి సొంత కేసు అప్పీలు మాత్రం రాజస్థాన్ హైకోర్టులో ఏళ్ల తరబడి పెండింగులోనే ఉండిపోయింది.