అంతర్వ్యక్తిగత మనోచికిత్స

కుంగుబాటుకు లోనైన వ్యక్తికి తనవారితో ఉన్న సంబంధాలను చక్కదిద్దుకోవడం నేర్పి, తద్వారా వ్యాధిని తగ్గించే స్వల్పకాలిక చికిత్సకు అంతర్వ్యక్తిగత మనోచికిత్స అని పేరు. వైద్యులు దీన్ని ఇంటర్‌పర్సనల్ థెరపీ అంటారు. విచిత్రమేమంటే, ఇది ఒక మందు పరీక్షకు అనుబంధంగా పుట్టింది. 1969లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ క్లెర్మన్, యూజీన్ పేకెల్ అమిట్రిప్టిలిన్ అనే మందు కుంగుబాటు తిరగబెట్టకుండా ఎంతవరకు ఆపగలదో పరీక్షించబూని, దానితో పోల్చడానికి మైర్నా వైస్‌మన్ తోడ్పాటుతో సంభాషణ చికిత్సకు ఒక నియమిత రూపం కల్పించారు. మందు వ్యాధి తిరగబెట్టడాన్ని అరికట్టగా, సంభాషణ రోగుల కుటుంబ, సామాజిక జీవనాన్ని మెరుగుపరచింది. అయితే ఆ మేలు కనబడడానికి నెలలు పట్టింది.

మానసిక వ్యాధిని మానవ సంబంధాల నడుమ చూడాలన్న హారీ స్టాక్ సలివాన్ భావనలు, శిశువుకు పెంచినవారితో ఏర్పడే అనుబంధంపై జాన్ బౌల్బీ చేసిన కృషి దీనికి పునాది. సంబంధాలే వ్యాధికి మూలమని ఈ పద్ధతి వాదించదు. రెండూ ఒకదాన్నొకటి దిగజారుస్తాయి కనుక, ఒక ముడి విప్పితే రెండోది సడలుతుందని మాత్రమే భావిస్తుంది.

సాధారణంగా 12 నుంచి 16 వారాలు సాగే ఈ చికిత్సలో, ఇది జబ్బే తప్ప రోగి తప్పు కాదని ముందుగా చెప్పి, అతని జీవితంలోని ముఖ్యులందరి గురించి అడిగి తెలుసుకున్నాక, ఆప్తుల మరణం, తనవారితో విభేదం, జీవితంలో పెద్ద మార్పు, సంబంధాల లేమి అనే నాలుగింటిలో ప్రధానమైనదాన్ని ఎంచుకుంటారు. భార్యాభర్తల తగాదా అయితే ఎవరు ఏమన్నారు, ఏ స్వరంతో అన్నారు, అప్పుడు ఏమనిపించింది అని మాట మాటా తరచి, మరోలా ఎలా చెప్పవచ్చో అక్కడే సాధన చేయిస్తారు.

1984లో ఈ పద్ధతిపై గ్రంథం వెలువడింది. 250 మంది రోగులతో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ జరిపించి, 1989లో ప్రకటించిన అధ్యయనం దీనికి పేరు తెచ్చింది. కాని వ్యాధి స్వల్పంగా ఉన్నవారిలో ఉత్తుత్తి మాత్రకూ దీనికీ పెద్ద తేడా కనబడలేదన్నది విస్మరించరాని విషయం.

అంతకన్నా ఆసక్తికరమైనది ఉగాండా ప్రయోగం. 2003లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 30 గ్రామాలు పాల్గొనగా, చికిత్సకు ఎంపికైన ఊళ్లలో కొద్దిపాటి శిక్షణ పొందిన స్థానికులే వారానికోసారి బృందాలను నడిపి మంచి ఫలితం సాధించారు. నలుగురి మధ్య బతికే ఆ పల్లెల్లో సంబంధాల లేమి అన్న నాలుగో అంశం పొసగదని తొలగించారు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ బృంద చికిత్సకు మార్గదర్శిని వెలువరించింది.