మూడవ బ్యాకు పుట్టిన కథ

1925వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీ శనివారమునాడు న్యూకాసిల్ నగరమున లండనువారి ఆర్సెనల్ జట్టు ఏడు గోల్సు సమర్పించుకొని, తానొక్క గోలైనను చేయజాలక ఇంటిముఖము పట్టెను. ఫుట్‌బాలు ఆటలో ఇట్టి పరాభవము కలిగినపుడు నింద మొదట ఎవరిమీద పడునో ఆట చూచెడి శ్రోతలకు మేము చెప్పనక్కరలేదు. గోలుకు ముందు కావలి నిలిచెడి బ్యాకులమీదనే పడును. గోలు చేసినవానిని భుజములపై ఎత్తుకొని ఊరేగింతురు; గోలు కాకుండ ఆపినవానిని అట్లు ఎత్తుకొనినవారిని మేమంతగా చూచి యెరుగము. కాని ఆ సంవత్సరము ఇంగ్లండునందలి బ్యాకులు పడిన పాట్లకు కారణమును వెదకినచో, వారి చేతగానితనముకంటె ముందు ఒక చట్టసవరణ కనిపించును.

అంతకు నాలుగు మాసములకు పూర్వము, జూనులో, ఆట నిబంధనలను నిర్ణయించెడి అంతర్జాతీయ మండలి ఆఫ్‌సైడు నియమమును మార్చెను. ముందుకు చొచ్చిన ఫార్వర్డునకు తనవారు బంతిని అందించు క్షణమున, అతనికిని ఎదుటివారి గోలు గీతకును నడుమ ఇందరు ప్రత్యర్థులు ఉండితీరవలెనని ఆ నియమము. 1866 నుండి ఆ సంఖ్య మూడు. గోలుకీపరు ఒకడు, బ్యాకులు ఇద్దరు; లెక్క చక్కగా సరిపోయెడిది. బ్యాకులలో ఒకడు అదను చూచి నాలుగడుగులు ముందుకు వేసినంతనే ఫార్వర్డు వలలో చిక్కెడివాడు. ఒకవేళ అంచనా తప్పినను వెనుక రెండవవాడు కాపు ఉండనే ఉండెను. న్యూకాసిల్ జట్టులో చిరకాలము ఆడిన బిల్ మెక్రాకెన్ అను ఐర్లండు దేశీయుడు ఈ విద్యలో ఆరితేరినవాడు. ఆయనను చూచి ఇతరులును నేర్చిరి. తుదకు ఆట మాటిమాటికిని ఆగిపోవుచు, గోల్సు తగ్గి, చూడవచ్చినవారికి విసుగు పుట్టెను. జనులు రుసుము చెల్లించి వచ్చునది ఈల వినుటకు కాదు గదా!

స్కాట్లండువారి ప్రతిపాదనపై ఆ మూడును రెండు చేసిరి. ఇక వల పన్నవలెనన్న బ్యాకులిద్దరును కలిసి ముందుకు నడువవలెను. ఒక్క అడుగు తప్పినచో వెనుక గోలుకీపరు తప్ప దిక్కులేదు. 1924–25లో ఇంగ్లండు ప్రథమశ్రేణి లీగున 462 ఆటలలో 1,192 గోల్సు అయినవి. మరుసటి యేట అన్నియే ఆటలలో 1,703 అయినవి. ప్రేక్షకులకు ఇది పండుగ. బ్యాకుకు మాత్రము జట్టులోని చోటే బ్రతుకుతెరువు. అప్పటి వృత్తి ఆటగానికి, ఎంతటివాడైనను, ఆటల కాలమున వారమునకు ఎనిమిది పౌనులకు మించి వేతనము ఇయ్యరాదని కట్టుబాటు. తాతలనాటి నియమమునకు అలవాటు పడిన కాళ్లు ఒక్క వేసవిలో క్రొత్తనడక నేర్వవలసి వచ్చెను.

ఆర్సెనల్ జట్టునకు ఆ వేసవియందే హెర్బర్ట్ చాప్మన్ మేనేజరుగా వచ్చెను. హడర్స్‌ఫీల్డు జట్టును వరుసగా రెండేండ్లు లీగు విజేతగా నిలిపినవాడు. ఆయన సండర్లండునుండి చార్లీ బకన్ అను ప్రసిద్ధ ఫార్వర్డును కొనెను. ధర చిత్రమైనది: ముందుగా రెండువేల పౌనులు, ఆపై మొదటి యేడు అతడు చేయు ఒక్కొక్క గోలునకు నూరు పౌనులు. న్యూకాసిల్ ఓటమి తరువాత నోరు విప్పినవాడు ఈ బకనే. పాతపద్ధతిలో సెంటర్ హాఫ్ అనువాడు మైదానము నడుమ నిలిచి ఆటను నడిపించెడి సూత్రధారి. అతనిని వెనుకకు దింపి బ్యాకులిద్దరి నడుమ నిలుపవలెననియు, ఏర్పడిన ఖాళీని పూరించుటకు ముందు వరుసనుండి ఒకనిని రప్పింపవలెననియు బకన్ వాదించెను. ఆ రెండవ పని తానే చేయుదుననెను. చాప్మన్ ఒప్పుకొనలేదు, గోల్సు కొరకు అంత వెలపెట్టి కొన్నవానిని వెనుకకు పంపుట ఎవరికి మనసొప్పును? పరుగున మందకొడియైనను బంతిపై మంచి అదుపు గల ఆండీ నీల్‌ను ఎన్నుకొనిరి. సెంటర్ హాఫ్ జాక్ బట్లర్ తన పెత్తనమును వదలుకొని కావలివాడాయెను. రెండు దినములకే, సోమవారమున, వెస్ట్‌హామ్ మైదానములో ఆర్సెనల్ నాలుగు గోల్సుతో గెలిచెను. ఎదుటివారికి ఒక్క గోలును దక్కలేదు. ఆ యేడు లీగున రెండవ స్థానము లభించెను.

అయితే బ్యాకుల కష్టములు అంతటితో తీరలేదు. 1927 మార్చిలో అదే వెస్ట్‌హామ్ మైదానమున ఆర్సెనల్ మరల ఏడు గోల్సుతో ఓడెను. ఆ యేడే జనవరి 22న, రేడియోవారమైన మాకు మరువరాని ఘట్టమొకటి జరిగినది. ఆర్సెనల్, షెఫీల్డు యునైటెడ్ జట్ల ఆటను బి.బి.సి. వారు హైబరీ మైదానమునుండి ప్రసారము చేసిరి. లీగు ఆటను వ్యాఖ్యానముతో ప్రసారము చేయుట అదియే మొదలు. ఇట్టి కార్యక్రమ పత్రికయందే మైదానపు పటమును గళ్లుగా గీసి, అంకెలు వేసి ముద్రించిరి. బంతి ఏ గడిలో నున్నదో ఒకరు పలుకుచుండ శ్రోతలు పటము చూచుచు వినిరి. ఆనాటి మొదటి గోలు బకన్ చేసినదే. తరువాతి సంవత్సరము మే 5న బకన్ తన తుది ఆట ఆడెను. ఆనాడే ఎవర్టన్ జట్టువాడు డిక్సీ డీన్ ఆర్సెనల్‌పై మూడు గోల్సు చేసి ఆ యేటి లీగున తన లెక్కను అరువదికి చేర్చెను. మూడవ బ్యాకు వచ్చినను తలుపులు ఇంకను మూతపడలేదన్నమాట.

మా దృష్టిలో ఈ కథకు నాయకుడు బకన్ కాదు, చాప్మన్ కాదు. ఎర్రని జుట్టు గల హెర్బీ రాబర్ట్స్. 1926లో ఆస్వెస్ట్రీ అను చిన్న పట్టణపు జట్టునుండి వచ్చి, ఎదుటి సెంటర్ ఫార్వర్డును నీడవలె అంటియుండుటయే పనిగా పెట్టుకొనెను. అంతవరకు నడుమ నిలిచెడి బ్యాకులు అటునిటు జరిగి అంచుల ఫార్వర్డులను చూచుకొనిరి. 1931, 1933, 1934, 1935 సంవత్సరములలో లీగు విజయము ఆర్సెనల్‌దే. చాప్మన్ 1934 జనవరిలోనే కాలధర్మము చెందెను. రాబర్ట్స్‌కు ఇంగ్లండు పక్షమున ఆడుటకు ఒకేయొక్క అవకాశము దొరకినది. అతడు యుద్ధకాలమున సైన్యములో నుండగా 1944లో వ్యాధిచే మరణించెను.

ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినను మన దేశమునకు ఆలస్యముగ చేరెను. 1952 హెల్సింకి ఒలింపిక్సున మనవారు పాత ఇద్దరు బ్యాకుల పద్ధతిలోనే, పలువురు ఉత్తకాళ్లతోనే ఆడి, యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఓడిరి. నాయకుడు శైలేన్ మన్నా స్వయముగా బ్యాకు. శిక్షకుడు మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తినుండి వచ్చి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టుచే 1950 నుండి వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిపించినవాడు. హెల్సింకి తరువాత ఆయన పాతపద్ధతిని విడిచెను. 1956లో మెల్బోర్నునకు కొనిపోయిన జట్టులో హైదరాబాదు బ్యాకు అజీజుద్దీన్ ఉండెను. సెమీఫైనలున మరల యుగోస్లావియాయే ఎదురాయెను. మొదటి గోలు మన నెవిల్ డిసౌజా చేసెను. ఆట ముగియునప్పటికి వారివి నాలుగు, మనది ఒకటి.