కలకత్తాలో ఒక విజయనగరం గది

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ ల్యాబ్ ఎలా గట్టెక్కామో మా బ్యాచ్ వాళ్ళందరికీ తెలుసు. చీకటి గది, సోడియం దీపం పసుపు వెలుగు, ఒక్కో స్పెక్ట్రోమీటర్ దగ్గర ఐదుగురం. టెలిస్కోపులోకి చూసేవాడొకడు, రాసుకునేవాడొకడు, మిగతా ముగ్గురం కబుర్లు. చివరికి అందరి రికార్డుల్లోకీ ఎక్కేవి సీనియర్ల రికార్డులోని రీడింగులే. ఒకే ఒక్కసారి నా అంతట నేను సన్నని చీలికలోంచి వచ్చిన వెలుగుని కొలిచాను. లెక్క కడితే పుస్తకంలో ఉన్న విలువకి చాలా దూరంగా వచ్చింది. అప్పుడు నేను చేసిందేమిటంటే, జవాబు దగ్గర్నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు దిద్దుకోవడం. పదికి తొమ్మిది మార్కులొచ్చాయి.

ఆ తొమ్మిది మార్కులు నన్ను ఇబ్బంది పెట్టింది చాలా ఏళ్ళ తర్వాత, సి. వి. రామన్ మొదటి పేపరు గురించి చదివినప్పుడు.

రామన్ పుట్టింది తిరుచిరాపల్లి దగ్గరే కానీ పెరిగింది మావైపే. 1892లో ఆయన తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఎ. వి. ఎన్. కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. నాలుగేళ్ళ పిల్లాడిగా వచ్చిన రామన్ మెట్రిక్యులేషను, ఎఫ్. ఏ. ఇక్కడే ముగించి 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళాడు. అక్కడ స్పెక్ట్రోమీటర్‌తో పట్టకం కోణం కొలిచే మామూలు ప్రయోగం చేస్తుండగా, పట్టకం ముఖం మీద బాగా ఏటవాలుగా పడి వచ్చిన వెలుగులో చారలు కనిపించాయి. చారలుండటం వింత కాదు. సన్నటి సందులోంచి వచ్చిన వెలుగు పక్కలకి విచ్చుకుని చారలు కడుతుందని పుస్తకాల్లో ఉంది. కాకపోతే పుస్తకంలో బొమ్మ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, ఇక్కడ ఒక పక్క చారలు ఒకలాగ, రెండో పక్కవి ఇంకోలాగ ఉన్నాయి. రామన్ వాటిని దిద్దలేదు, కొలిచాడు. 1906 నవంబరులో లండన్ నుంచి వెలువడే ఫిలసాఫికల్ మేగజీన్‌లో ఆ పేపరు అచ్చయింది. అప్పటికి ఆయనకి పద్ధెనిమిదేళ్ళు.

రెండు చీలికల ప్రయోగం గురించి మాట్లాడాలంటే ఈ ఒంటి చీలికతోనే మొదలెట్టాలి. వెలుగు అల అయితేనే చారలు వస్తాయి. రెండు దారుల్లో వచ్చిన అలలు ఒకచోట కలిసి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 1803లో థామస్ యంగ్ లండన్‌లో ఈ సంగతి చూపించడానికి వాడింది సన్నటి అట్టముక్క. కిటికీ తలుపుకున్న చిన్న బెజ్జంలోంచి వచ్చే ఎండని ఆ అట్ట అంచు రెండుగా చీల్చింది. ఖరీదైన సరంజామా ఏమీ లేదు. కావలసిందల్లా ఒక చీకటి గది, కాస్త తీరిక.

రామన్‌కి ఆ గది ఎవరిచ్చారు అన్నది నేను అసలు చెప్పదలచుకున్న కథ.

1907లో ఆయన ప్రభుత్వ ఆర్థికశాఖ ఉద్యోగిగా కలకత్తా వెళ్ళాడు. పగలు ఖాతాల పని. ఆఫీసుకి ముందూ తర్వాతా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కి వెళ్ళి ప్రయోగాలు చేసుకునేవాడు. ఇలా పదేళ్ళు. ఆ సంస్థని 1876లో స్థాపించినవాడు మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు. చందాల కోసం జీవితాంతం తిరిగి, కట్టిన భవనాన్ని వాడుకునే కుర్రాళ్ళు రావడం లేదనే దిగులుతోనే 1904లో పోయాడు. ఆ సంస్థలో ప్రయోగశాలకున్న పేరు చూసి నేను పేజీ వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను: విజయనగరం ల్యాబొరేటరీ. దాన్ని కట్టించడానికి డబ్బిచ్చింది మా విజయనగరం మహారాజు.

1890ల మొదట్లో, అంటే ఆనంద గజపతి రోజుల్లో జరిగిన సంగతి ఇది. సాహిత్యం చదివేవాళ్ళకి ఆనంద గజపతి అంటే ‘కన్యాశుల్కం’ అంకితం పుచ్చుకున్న రాజు. దానాలు ఆ వంశానికి కొత్త కాదు. ఆయన తండ్రి విజయరామ గజపతి లండన్ హైడ్ పార్కులో మంచినీళ్ళ ఫౌంటెన్ కట్టించాడు. కానీ నాకు ఈ దానం పక్కన పెట్టి చూడాలనిపించేది ఇంకొకటి. 1897 నాటి ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకి రాసిన ఇంగ్లీషు పీఠికలో గురజాడ ఒక లెక్క చెప్పాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని జరిగిన బ్రాహ్మణ పెళ్ళిళ్ళ జాబితాని మహారాజు తయారు చేయించాడట. 1,034 తేలాయి. దురాచారం ఉందా లేదా అని వాదించుకోవడం కాకుండా ఊరూరా లెక్క కట్టించిన రాజు, ఎక్కడో కలకత్తాలో కొలతల గదికి డబ్బివ్వడం నాకు పొందికగానే కనిపిస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మా ఊరి గొప్ప చెప్పుకునే వ్యాసం అవుతుంది. మహారాజు డబ్బు ఎక్కడిది? జమీందారీ ఆదాయమంటే రైతు కట్టిన శిస్తు. ఆ గదికి కాస్త ముందు, 1888-89లో, గంజాం జిల్లాలో కరువొచ్చింది. ఇవాళ్టి శ్రీకాకుళం అప్పట్లో ఆ జిల్లాలోదే. జమీందారీలు చట్టం ప్రకారం రద్దయింది 1948లో. మా ఇంట్లోనూ శిస్తు కట్టిన తరాలున్నాయి. వాళ్ళలో ఎవరికీ వెలుగు చారల గురించి తెలిసే అవకాశం లేదు. దాత పేరు గోడ మీద ఉంటుంది, శిస్తు కట్టినవాడి పేరు ఏ గోడ మీదా ఉండదు. ఈ రెండు నిజాల్లో ఏదో ఒకటే రాయమంటే నావల్ల కాదు.

రామన్ ఆ సంస్థలో పని చేస్తున్న రోజుల్లోనే ఇంగ్లండులో చారల కథ మలుపు తిరిగింది. 1909లో జి. ఐ. టేలర్ అనే కుర్రాడు గ్యాసు దీపం వెలుగుని మసి పట్టిన గాజు పలకలతో తగ్గించి తగ్గించి, మైలు దూరంలో వెలిగే కొవ్వొత్తి అంత చేశాడు. ఆ వెలుగులో ఒక సూది నీడని ఫొటో తీశాడు. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టిన ఫొటోకి మూడు నెలలు. చారలు చెక్కుచెదరలేదు. వెలుగు కణాలుగా వస్తుందనుకుంటే, కణాలు ఒకదాంతో ఒకటి కలుసుకునే వీల్లేనంత పలచగా వచ్చినా చారలు వస్తున్నాయన్నమాట. ఒక్కొక్క ఫోటాన్నే నిక్కచ్చిగా పంపి ఈ సంగతి తేల్చడానికి 1986 దాకా ఆగాల్సొచ్చింది. ఆ పని పారిస్ దగ్గర గ్రాంజియే, రోజే, ఆస్పే చేశారు. 1989లో జపాన్‌లో తొనొమురా బృందం ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటే వచ్చి చుక్కలు పెడుతుంటే, చుక్కలు పోగై చారలవడం వీడియో తీసి చూపించింది.

ఇవాళ ఈ ప్రయోగం మన ఫోన్లలోకి వచ్చేసరికి ‘నువ్వు చూస్తే ఎలక్ట్రాన్ మారిపోతుంది, కాబట్టి నీ మనసే విశ్వం’ అయి కూర్చుంది. ఇక్కడ చూడటమంటే కన్ను కాదు, మనసూ కాదు. కణం ఏ దారిన వెళ్ళిందో చెప్పే ఆనవాలు ఎక్కడో ఒకచోట మిగిలిపోవడం. దాన్ని ఎవరూ చదవకపోయినా చారలు చెరిగిపోతాయి. 2004లో వియన్నాలో డెబ్భై కార్బన్ పరమాణువుల అణువుల్ని బాగా కాల్చి సన్నటి జాలీల్లోంచి పంపారు. వేడికి వాటంతట అవే వెలుగు చిమ్మి, తామున్న చోటు బయటపెట్టేసుకున్నాయి. వేడి పెరిగే కొద్దీ చారలు మాసిపోయాయి. అక్కడ చూసినవాడెవడూ లేడు.

రెండు చీలికల దగ్గర సందేహాలు తీరాక మూడో చీలిక తెరిచారు. 1926లో మాక్స్ బోర్న్ చెప్పిన సూత్రం ప్రకారం, మూడు చీలికలున్నా అలల కలయిక జంటలు జంటలుగానే జరగాలి. ముగ్గురూ కలిస్తేనే పుట్టే కొత్త పదమేదీ ఉండకూడదు. ఎనభై ఏళ్ళ పాటు అందరూ వాడిన ఈ సంగతిని ఉర్బసి సిన్హా, సహచరులు కెనడాలో చీలికలు ఒక్కొక్కటే, జంటలుగా, మూడూ కలిపి తెరిచి కొలిచారు. ఆ కొత్త పదం ఉన్నా జంటల కలయికలో నూరో వంతు లోపేనని 2010లో ప్రకటించారు.

తర్వాత సిన్హా బెంగుళూరు రామన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. 1948లో రామన్ స్థాపించుకున్న సంస్థ అది. మా ఆఫీసు బస్సు రోజూ మేఖ్రీ సర్కిల్ మీంచి దాని పక్కగానే పోతుంది. అక్కడ ఆమె బృందం ఇంకో మెలిక పట్టుకుంది. విడివిడిగా ఒక్కో చీలిక తెరిచినప్పటి అలల్ని కూడితే మొత్తం వచ్చేస్తుందని మనం పరీక్షల్లో రాస్తామే, అది కచ్చితంగా నిజం కాదు. పక్క చీలిక తెరిచి ఉంటే అల దాన్ని చుట్టుకుని కూడా రాగలదు. తేడా చాలా చిన్నది. మైక్రోవేవ్‌లతో, సెంటీమీటర్లలో కొలిచేంత పెద్ద చీలికలతో దాన్ని కొలిచి 2018లో ప్రచురించారు. బోర్న్ సూత్రానికేమీ కాలేదు. కొరత మనం బట్టీపట్టిన లెక్కలో ఉంది.

పద్ధెనిమిదేళ్ళప్పుడు రామన్ చేసిందీ ఇదే. పుస్తకానికి సరిపడని చారని దిద్దకుండా ఉంచుకోవడం. అందుకు తెలివితేటలొక్కటే చాలవు. ఒక గది కావాలి, తొందరపెట్టని రోజులు కావాలి, వాటికి ఎవరో డబ్బు కట్టాలి. ఒకప్పుడు ఆ డబ్బు మా పొలాల్లోంచి వెళ్ళింది. ఇప్పుడు మన పన్నుల్లోంచి వెళుతోంది.

కిందటేడు మా పిన్ని కొడుకు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేశాడు. బీటెక్ మొదటి సంవత్సరం. “అన్నియ్యా, వేల్యూ రాట్లేదు, రికార్డులో ఏటి రాసీమంటావ్?” అన్నాడు. వచ్చిందే రాసి, అలా ఎందుకొచ్చిందనుకుంటున్నావో కింద రెండు ముక్కలు రాయమన్నాను. పదికి ఆరు వేశారట. వాడికి నా మీద ఇంకా కోపం తగ్గలేదు.