నౌకాదళ ముద్రలో వరుణ ప్రార్థన

సైనికుడు ధరించే చిహ్నం అతడు ఏ దళానికి చెందినవాడో తెలుపుతుంది. దానిపై లిఖించిన ధ్యేయవాక్యం ఆ దళం ఏ ధర్మానికి కట్టుబడినదో ప్రకటిస్తుంది. లోకంలోని అనేక సేనల చిహ్నాలపై జయఘోషలు కనిపిస్తాయి. భారత నౌకాదళ ముద్రపై ఉన్నది ఒక ప్రార్థన: ‘శం నో వరుణః’ – వరుణదేవుడు మాకు శుభకరుడగు గాక.

1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమైనప్పుడు నౌకాదళం ‘రాయల్’ అనే విశేషణాన్ని విడనాడినది. ముద్రపై బ్రిటిష్ కిరీటం తొలగి అశోకుని సింహశీర్షం వెలసినది. ధ్యేయవాక్యాన్ని సూచించినవారు రాజాజీ. 2022 సెప్టెంబరు 2న ఆవిష్కృతమైన నూతన నౌకాధ్వజంలోనూ, ఛత్రపతి శివాజీ రాజముద్రను స్ఫురింపజేసే అష్టకోణంలో, ఆ పదాలే నిలిచినవి.

కోనసీమ వాసులకు ఈ ప్రార్థన చిరపరిచితం. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమనున్న అగ్రహారాలలో కృష్ణయజుర్వేదాధ్యయనం తరతరాలుగా సాగుతున్నది. ఆ వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి ఆరంభంలోని శాంతిమంత్రమే దీనికి మూలం. అందులో మిత్రుడు, వరుణుడు, అర్యముడు, ఇంద్రుడు, బృహస్పతి, విష్ణువు వరుసగా ప్రార్థింపబడతారు. వారిలో వరుణుని గ్రహించి ధ్యేయవాక్యం కూర్చబడినది.

శంకర భగవత్పాదులు తమ భాష్యంలో మిత్రుడు ప్రాణవృత్తికి, పగటికి అభిమాని దేవత అనియు, వరుణుడు అపానవృత్తికి, రాత్రికి అభిమాని దేవత అనియు వివరించారు. బ్రహ్మవిద్యాశ్రవణానికి విఘ్నాలు కలుగకుండుటకే ఈ ప్రార్థన. నడిరేయి నడిసంద్రంలో మేల్కొని కాపలా కాచే నావికునికి రాత్రి దేవత అనుగ్రహం ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వరుణుడు జలాధిపతి మాత్రమే కాడు. ఋగ్వేదంలో ఆయన ఋతరక్షకుడు, అసత్యవర్తనులను పాశంతో బంధించే శాసకుడు. అందువల్లనే అదే శాంతిమంత్రంలో సాధకుడు ఋతాన్ని, సత్యాన్ని పలుకుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. రక్షణ కోరేవాడు మొదట తాను ధర్మానికి లోబడాలి. ఆయుధధారికి ఈ నియమం మరింత వర్తిస్తుంది. నియమం తప్పిన బలం తన వారినే బాధిస్తుంది.

సముద్రుని రెండు ముఖాలనూ కోనసీమ ఎరుగును. అంతర్వేదిలో వసిష్ఠ గోదావరి సాగరంలో లీనమయ్యే చోటు యాత్రికులకు పుణ్యతీర్థం. 1996 నవంబరు 6 రాత్రి తుపానుగా విరుచుకుపడినదీ ఆ సాగరమే. కొబ్బరితోటలు నేలకొరిగినవి, వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ జలాల ముందు మానవబలం ఎంతటిదో ఈ తీరానికి తెలుసు.

‘నః’ అనగా ‘మాకు’. ఈ బహువచనంలో నావికుడు, జాలరి, తీరవాసి అందరూ ఉన్నారు. యుద్ధనౌకపై వెలసిన ఈ ముద్ర, బలవంతుడు కూడా శాంతిని యాచించవలసినవాడేనని అనుదినం గుర్తు చేస్తున్నది.